అరవై రూపాయల రింగు, పద్దెనిమిది వందల లేబరు

ముందే ఒప్పేసుకుంటున్నా. పోయిన వేసవిలో కార్ఖానాలో ఒక ఏసీ మెకానిక్‌తో ఐదొందల రూపాయల కోసం నడిరోడ్డు మీద ఇరవై నిమిషాలు వాదించాను. గెలిచాను కూడా. గెలిచి, కారెక్కి, ఏసీ వేసుకుని చల్లగా ఇంటికొచ్చాను. ఆ చల్లదనం నేను కోత కోసిన ఆ లేబరుదే అన్న సంగతి బుర్రకెక్కడానికి నెల పట్టింది. కాబట్టి ఈ టపాలో తిట్లన్నీ ముందు నాకే, తర్వాత నాలాంటి సాఫ్ట్‌వేర్ జనాలకి. మధ్యలో సర్వీస్ సెంటర్ల వాళ్ళకి కూడా కాస్త తగులుతుంది, అది వాళ్ళ అదృష్టం.

చదివింది మెకానికల్, చేసేది జావా. మనలో సగం మంది కథే కదా. మూడో ఏడాదిలో రెఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ అని ఒక సబ్జెక్టుండేది. సి.పి. అరోరా గారి పుస్తకం కొన్నాను. ఇప్పుడది మానిటర్ కింద ఎత్తు కోసం పనికొస్తోంది. పీడనం-ఎంథాల్పీ చార్టు గియ్యమంటే నిద్రలో లేపినా గీస్తాను గానీ, కారు బానెట్ ఎత్తి గేజి ఎక్కడ తగిలించాలో చూపించమంటే మాత్రం బిక్కమొహం వేస్తాను.

ఇల్లు కార్ఖానాలో, ఆఫీసు హైటెక్ సిటీలో. వారానికి మూడు రోజులు వెళ్ళాలి. ప్యారడైజ్ దాటి బేగంపేట మీదుగా వెళ్ళినా, తాడ్‌బండ్ నుంచి బాలానగర్ మీదుగా వెళ్ళినా నరకమే, కాకపోతే వేరే వేరే నరకాలు. నా కారు సెకండ్ హ్యాండు చిన్న కారు. ఏప్రిల్లో ఒకరోజు ఏసీ లోంచి ఫ్యాను గాలి తప్ప చల్లగాలి రావడం మానేసింది.

మనం ఏం చేస్తాం? అందరం చేసేదే చేశా. రోడ్డు పక్కన 'ఇక్కడ ఏసీ గ్యాస్ నింపబడును' అన్న బోర్డు చూసి ఆపా. ఇరవై నిమిషాలు, పదిహేను వందలు. చల్లబడింది. బిల్లు లేదు, లెక్క లేదు, ఎన్ని గ్రాములు ఎక్కించాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు వారాలకి మళ్ళీ వేడి. మళ్ళీ పదిహేను వందలు. ఈ రెండుసార్లూ నేను బేరం ఆడలేదు, గమనించండి. ఎందుకంటే ఆ పదిహేను వందలు 'గ్యాస్' డబ్బులు, అంటే వస్తువు డబ్బులు. వస్తువు డబ్బులకి మనకి గొంతు లేవదు. 'లేబర్' అన్న మాట వినపడితేనే మనలో లెక్కల మాస్టారు నిద్ర లేస్తాడు.

మే నెలలో అమ్మానాన్నలతో కరీంనగర్‌లో పెళ్ళికి బయల్దేరాం. మా ఇంటి ముందు రోడ్డే తిన్నగా కరీంనగర్ పోతుంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే సిద్దిపేట దాటేసరికి ఏసీ చచ్చింది. కిటికీలు దించితే వచ్చేది గాలి కాదు, పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ. నాన్నకి బీపీ. కాసేపటికి మాట్లాడ్డం మానేశారు. మొహం పాలిపోయింది. ఒక చాయ్ హోటల్ దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, తడి తువ్వాలు మెడ మీద వేసి గంటన్నర ఆగాం. ఏమీ కాలేదు. కానీ ఆ గంటన్నరలో అమ్మ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

తిరిగొచ్చాక ఇక చిల్లర పనులొద్దని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళా. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. గంటకి ఎస్టిమేట్ వచ్చింది. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, డ్రయర్, పైపులు, గ్యాస్, నూనె, అన్నీ కలిపి 41,300. అందులో లేబర్ ఒకే ఒక్క లైను: 'ఏసీ సిస్టం ఓవర్‌హాల్ – 6,200'. లీకు ఎక్కడుంది బాబూ అనడిగా. చొక్కా ఇన్‌షర్ట్ చేసుకున్న అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు: "సార్, సిస్టం మొత్తం మార్చేస్తాం కదా, లీకు ఎక్కడున్నా పోతుంది."

అద్భుతం. ప్రొడక్షన్‌లో బగ్ ఎక్కడుందో తెలీదు కాబట్టి సర్వర్లన్నీ కొత్తవి కొని, కోడ్ అంతా మొదట్నుంచీ మళ్ళీ రాద్దాం, బగ్ ఎక్కడున్నా పోతుంది. ఈ మాట మనం స్టాండప్‌లో అంటే మేనేజర్ ఏమంటాడో ఊహించుకోండి.

ఆఫీసులో ఒకాయన చెప్తే మా కార్ఖానాలోనే ఒక సందులో ఉన్న ఏసీ షాపుకి వెళ్ళాను. షాపంటే ఒక షట్టరు, ముందు రెండు కార్లు పట్టేంత జాగా. ఓనరు ఆయనే, మెకానిక్ ఆయనే, సాయానికి ఇరవయ్యేళ్ళ కుర్రాడు. యాభై దాటిన మనిషి. "భాయ్, గ్యాస్ నింపాలి" అన్నా. గేజి తగిలించి, చూసి, "గ్యాస్ నింపుడు పెద్ద పని కాదు సార్. లీకు దొరకాలె. దొరికేదాక నాకు టైం కావాలె. బండి ఇడ్సిపోండ్రి" అన్నాడు. నాకు అనుమానం. ఇడిసిపోతే ఏ పార్టు తీసి ఏది పెడతాడో! అందుకని స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నా. లాప్‌టాప్‌లో మీటింగ్‌కి మ్యూట్‌లో ఉండి, కళ్ళు మాత్రం కారు మీద పెట్టి. అలా కూర్చోవడం వల్ల నాకు జరిగిన మేలు ఏంటంటే, ఆయన చేసిన పనంతా చూశాను.

ఆ పని చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. ఎందుకంటే 'లేబర్' అన్న ఆ ఒక్క లైను లోపల ఉన్నది ఇదే.

మొదట ఇంజను ఆఫ్‌లో గేజి చూశాడు, తర్వాత నడిపి చూశాడు. ఇక్కడ నా చదువు కొంచెం పనికొచ్చింది. ఇలాంటి కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాసు మూసిన పైపులో ద్రవం, ఆవిరి రెండూ కలిసి ఉంటుంది. ద్రవం ఏ కొంచెం మిగిలి ఉన్నా సరే, ఆగి ఉన్న కారులో పీడనం చెప్పేది ఉష్ణోగ్రతనే గానీ ఎంత గ్యాసు ఉందో కాదు. 35 డిగ్రీల దగ్గర సుమారు 115 పీఎస్ఐ చూపిస్తుంది, లోపల 150 గ్రాములున్నా 400 గ్రాములున్నా. కాబట్టి ముల్లు చూసి 'గ్యాస్ ఫుల్లుంది' అనేవాడు సగం అబద్ధం చెప్తున్నాడు, లేదా సగమే తెలిసినవాడు. ఎంతుందో తెలియాలంటే మొత్తం బయటికి తీసి తూచాలి. ఈయన తీశాడు, తూచాడు. నూటపది గ్రాములే ఉంది, ఉండాల్సింది నాలుగొందల పైచిలుకు.

తర్వాత నైట్రోజన్ ఎక్కించి పెట్టాడు. సబ్బు నీళ్ళు నురగ చేసి బ్రష్షుతో ఒక్కో జాయింటుకీ పూశాడు. కంప్రెసర్ దగ్గర బుడగ లేదు. సర్వీస్ వాల్వు పిన్నుల దగ్గర లేదు. డాష్‌బోర్డు కింద నీళ్ళు కారే గొట్టం దగ్గర లేదు. అంటే కూలింగ్ కాయిల్ దాదాపు బాగున్నట్టే. ఇది పెద్ద ఊరట, ఎందుకంటే కూలింగ్ కాయిల్ తీయాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, అది పూట పని. మిగిలింది ముందువైపు. బంపర్ ఊడదీశారు ఇద్దరూ. కండెన్సర్ పళ్ళ మధ్య మట్టి, చచ్చిన పురుగులు. కడిగాడు. మళ్ళీ నురగ. కండెన్సర్‌కి పైపు వచ్చి కలిసే చోట, కింది వైపు, చెయ్యి పట్టని చోట, అద్దం పెట్టి చూస్తే ఒక బుడగ పుడుతోంది. ఒక్కటంటే ఒక్కటి. నాలుగైదు సెకన్లకొకటి.

"దొరికింది సార్!" అని అరిచాడు. నమ్మండి, నాకు కూడా లేచి గంతెయ్యాలనిపించింది. రాత్రి రెండింటికి లాగ్ ఫైల్లో తప్పు లైను కనపడ్డప్పుడు మనం వేసే కేక అదే.

జాయింటు విప్పి, పాత ఓ-రింగు తీసి చూపించాడు. గట్టిపడి, ఒక వైపు చిట్లింది. కొత్తది అరవై రూపాయలు. రింగు మార్చడానికి పది నిమిషాలు. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపు తగిలించి ముప్పావుగంట వదిలేశాడు. నాకు ఓపిక నశించింది. ఇదెందుకు, గ్యాసు ఎక్కించెయ్యొచ్చు కదా అన్నాను. నిజానికి ఆ ప్రశ్న నేను అడక్కూడదు, పరీక్షలో రాసిన సమాధానమే: పైపు లోపల గాలి, తేమ ఉండిపోతే ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోపల్నుంచి తినేస్తుంది. ఆ నూనె కూడా తేమని స్పాంజిలా పీల్చే రకం. పీడనం బాగా దించితే నీళ్ళు మామూలు గది వేడికే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తాయి. దానికి టైం పడుతుంది, పంపుకి తొందర లేదు. తర్వాత పంపు ఆపి, ముల్లు కదలకుండా నిలబడుతుందా అని పావుగంట చూశాడు. నిలబడింది. కాటా మీద పెట్టి గ్యాసు తూచి ఎక్కించాడు. ఏసీ గాలి దగ్గర థర్మామీటర్ పెట్టి చూపించాడు: ఏడు డిగ్రీలు.

మొత్తం మూడున్నర గంటలు. బిల్లు: రింగు 60, గ్యాసు 700, నూనె 150, లేబర్ 1,800. మొత్తం 2,710.

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఏంది భాయ్, అరవై రూపాయల రింగుకి పద్దెనిమిది వందల లేబరా?"

ఆయన కోప్పడలేదు. "రింగు మార్చనీకి పది నిమిషాలే సార్. ఏ రింగో తెల్సుకోనీకే మూడు గంటలు పట్టింది. మీరు చూసిండ్రు కదా" అన్నాడు. చూశాను. అయినా వాదించాను. పంపు తిరుగుతున్న ముప్పావుగంట నువ్వు చాయ్ తాగుతూ కూర్చున్నావు కదా, దానికి కూడా లేబరేనా అన్నాను. సిగ్గు లేకుండా. బిల్డ్ నడుస్తున్నంతసేపూ నేను క్యాంటీన్లో ఉంటాను, టైంషీట్లో ఆ గంట మాత్రం క్లయింట్‌దే! చివరికి ఐదొందలు కోయించాను.

నెల తిరక్కుండా ఆఫీసులో ఒక ప్రొడక్షన్ సమస్య వచ్చింది. కొన్ని ఇన్‌వాయిస్‌ల తేదీలు ఒక రోజు వెనక్కి పడుతున్నాయి. ముగ్గురం, రెండు రోజులు వెతికాం. దొరికింది. టైంజోన్ సెట్టింగు, ఒక్క లైను. మార్చడానికి రెండు నిమిషాలు. టైంషీట్లో ఎక్కించింది నలభై ఎనిమిది గంటలు. క్లయింట్ అడగలేదు. 'ఒక్క లైనుకి నలభై ఎనిమిది గంటలా' అని అడిగుంటే మనం ఎంత గింజుకునేవాళ్ళం! 'వీళ్ళకి సాఫ్ట్‌వేర్ అంటే ఏం తెలుసు' అని కాఫీ మెషీన్ దగ్గర ఎంత ఎకసెక్కాలాడేవాళ్ళం! ఆ టైంషీట్ సబ్‌మిట్ నొక్కుతుంటే భాయ్ మొహం గుర్తొచ్చింది. అంతే, ఇంకేం మహా జ్ఞానోదయం కాదు.

మనందరికీ ఒక ఫార్వర్డు మెయిల్ వచ్చేది, గుర్తుందా? ఏదో ఫ్యాక్టరీలో యంత్రం ఆగిపోతే ఒక ముసలాయన వచ్చి ఒక్క సుత్తి దెబ్బ కొట్టి బాగు చేసి, పెద్ద బిల్లు వేసి, కొట్టినందుకు ఇంత, ఎక్కడ కొట్టాలో తెలిసినందుకు అంత అని విడగొట్టి చూపిస్తాడు. మెయిళ్ళు పోయి వాట్సాప్ వచ్చాక కూడా ఆ కథ తిరుగుతూనే ఉంది. అప్రైజల్ సీజన్ రాగానే ఎవడో ఒకడు పెడతాడు, అందరం చప్పట్లు కొడతాం. ఆ కథలో మనం ఎప్పుడూ సుత్తి పట్టుకున్నవాడి వైపే. ఫ్యాక్టరీ ఓనరు కుర్చీలో కూర్చునే రోజు వస్తే మాత్రం 'ఒక్క దెబ్బేగా' అంటాం.

ఎస్టిమేషన్ అనేది మన బతుకుతెరువు కదా, దాని గురించి మనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? బారీ బోమ్ 1981లోనే కోకోమో మోడల్ ఇచ్చాడు, పని మొదట్లో వేసిన అంచనా అసలు కంటే నాలుగు రెట్లు ఎక్కువైనా, నాలుగో వంతైనా కావచ్చని బొమ్మ గీసి మరీ చూపించాడు. ఫంక్షన్ పాయింట్లు, స్టోరీ పాయింట్లు, పేకముక్కలు పట్టుకుని ఆడే ప్లానింగ్ పోకర్, ఇన్ని పూజలు చేసీ మన స్ప్రింట్ ఏ ఒక్కటి అయినా అనుకున్న రోజుకి అవుతుందా? అవ్వదు. అవ్వనప్పుడు 'రిక్వైర్‌మెంట్స్ క్లియర్‌గా లేవు' అంటాం. మరి బానెట్ ఎత్తకముందే "మొత్తం ఎంతవుతుందో ఇప్పుడే చెప్పు, తర్వాత పైసా ఎక్కువివ్వను" అని మెకానిక్‌ని నిలదీస్తే ఆయన ఏం చెయ్యాలి? మనం చేసేదే చేస్తాడు. బఫర్ వేస్తాడు. లేదా 41,300 వేస్తాడు.

ఇదిగో, నా అసలు గొడవ ఇక్కడుంది. లీకు కనుక్కునే పనికి మనం కూలి ఇవ్వం. ఇవ్వమని మార్కెట్‌కి తెలుసు. కాబట్టి కనుక్కునే పని చెయ్యడమే మానేసింది మార్కెట్. దాని బదులు రెండు రకాల సరుకు అమ్ముతోంది. ఒకటి, ఏమీ కనుక్కోకుండా గ్యాసు నింపడం. రెండు, ఏమీ కనుక్కోకుండా అన్నీ మార్చడం. మొదటిది చవగ్గా కనిపిస్తుంది, రెండోది పద్ధతిగా కనిపిస్తుంది. రెండింట్లోనూ లేబర్ మాయం. గ్యాసు వాడు గ్యాసు ధరలో దాచుకుంటాడు, సర్వీస్ సెంటర్ పార్టుల మార్జిన్లో దాచుకుంటుంది. లేబర్ని లేబర్‌గా చూపించిన ఒకే ఒక్క మనిషి నాకు కార్ఖానాలో దొరికాడు, ఆయన దగ్గర నేను ఐదొందలు కోశాను. సరిగ్గా ఇలాగే కదా నిజాయితీపరుడికి బుద్ధి చెప్పేది!

'పోనీలే, నాలుగు వారాలకోసారి గ్యాసు నింపించుకుంటే పోలా' అనేవాళ్ళకి ఒక మాట. ఏసీలో కంప్రెసర్‌కి నూనె విడిగా ఎవరూ పొయ్యరు, గ్యాసుతో కలిసి తిరుగుతూ వస్తుంది. గ్యాసు తగ్గితే తిరిగొచ్చే నూనె తగ్గుతుంది, లీకు దగ్గర కొంత కారిపోతుంది కూడా. అలా నడిపి నడిపి చివరికి కంప్రెసర్ నిజంగానే పోతుంది. అప్పుడు ఆ ఇన్‌షర్ట్ అబ్బాయి ఎస్టిమేట్ నిజమైపోతుంది. ఇంకోటి, ఆర్-134ఏకి భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే సుమారు 1,430 రెట్లు. ఒక చిన్న కారులోని 450 గ్రాములు గాల్లో కలిస్తే దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే ఓ 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. నేను రెండుసార్లు నింపించిన గ్యాసు ఎక్కడికి పోయిందంటారు? సిద్దిపేట దాకా దారి పొడుగునా పంచుకుంటూ పోయాను. భూతాపం గురించి మన ఆఫీసు పోస్టర్లలో ఉన్న కొటేషన్లు నాకు కంఠతా వచ్చు, అది వేరే విషయం.

అమెరికాలో ఎలా ఉంటుందంటే... (ఈ వాక్యం లేకుండా మనవాళ్ళ వాదన ఏదీ పూర్తవదు కదా.) అక్కడ రిపేరు పనులకి ప్రామాణిక గంటల పుస్తకాలుంటాయి. చిల్టన్, మిచెల్ లాంటి వాళ్ళు ప్రచురించినవి. ఈ మోడల్లో ఈ పార్టు మార్చడానికి ఇన్ని గంటలు అని. గంట రేటుతో గుణిస్తే లేబర్ తేలిపోతుంది. కాలిఫోర్నియాలో అయితే 1970ల మొదట్లో తెచ్చిన చట్టం ప్రకారం రిపేరుకి ముందు రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వాలి, అది దాటాలంటే మళ్ళీ కస్టమర్ని అడగాలి. కారు ఏసీ ముట్టుకునే మెకానిక్‌కి అక్కడ ఫెడరల్ చట్టం కింద సర్టిఫికెట్ ఉండాలి, గ్యాసు గాల్లోకి వదలడం నేరం. ఇంత చెప్పాను కదా అని అదేదో స్వర్గం అనుకోకండి. పుస్తకంలో నాలుగు గంటలని ఉంటే మూడు గంటల్లో ముగించిన వాడికి లాభం, ఆరు గంటలు పట్టినవాడికి నష్టం. దాంతో వెతికే పని కంటే మార్చే పనికే అక్కడా ఎగబడతారు. మన ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టుల జబ్బే అది.

కానీ ఒక్కటుంది. డాలస్‌లో ఉండే మా కజిన్ కారు ఏసీ పాడైతే, ముందు చూసి చెప్పడానికే నూటయాభై డాలర్లు కట్టాడు. రిపేరు చేయించుకున్నా, చేయించుకోకపోయినా అది పోయినట్టే. కిక్కురుమనలేదు. అదే మనిషి డిసెంబర్లో ఇక్కడికొచ్చి, మా భాయ్ దగ్గరికే తీసుకెళ్తే, "చూడ్డానికి కూడా డబ్బులడుగుతారా ఇక్కడ" అని ఆశ్చర్యపోయాడు. బావా, అక్కడ చూసినవాడికి కళ్ళున్నాయి, ఇక్కడి వాడికి లేవా?

మన దగ్గర గంటల పుస్తకం లేదనుకుంటున్నారేమో. ఉంది. కారు కంపెనీలు వారంటీ పనులకి డీలర్లకి డబ్బు కట్టేది పనికిన్ని గంటలు అన్న లెక్క మీదే. అంటే ఈ కంపెనీ కారుకి కండెన్సర్ మార్చడానికి ఎంతసేపు పడుతుందో సర్వీస్ సెంటర్ కంప్యూటర్లో ఉంది. కంపెనీ కడితే గంటల లెక్క, నేను కడితే 'ఓవర్‌హాల్ – 6,200'. ఆ గంటలు, గంట రేటు ఎస్టిమేట్ మీద వెయ్యడానికి ఏం అడ్డం? గోడ మీద కాఫీ కప్పుల బొమ్మలు పెట్టే జాగాలో ఒక రేట్ల పట్టీ పెట్టడానికి ఏం రోగం? ఇంకో తమాషా. 2025 సెప్టెంబరు దాకా చాలా కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, లేబర్ మీద 18. అంటే పార్టు ధరలో దాచిన ప్రతి రూపాయి లేబర్ మీదా మనం పది శాతం ఎక్కువ పన్ను కట్టాం. ఇప్పుడు రెండూ 18కి వచ్చేశాయి, ఆ అన్యాయం మాత్రం తీరింది.

ఈ సంగతంతా లంచ్ దగ్గర చెప్తే మా టీంలో ఒకడు గయ్‌మన్నాడు. "బాసూ, నువ్వు మంచివాడు దొరికాడు కాబట్టి మాట్లాడుతున్నావ్. వెతకడానికి డబ్బులిస్తే, నాలుగు గంటలు వెతికినట్టు నటించి ఏమీ దొరకలేదంటే?" న్యాయమైన ప్రశ్నే. మోసగాళ్ళు లేరని నేను అనను, నేనే రెండుసార్లు మూడు వేలు పోసుకున్నా. కానీ ఇప్పుడున్న పద్ధతిలో మోసం తక్కువా? పార్టు మార్చానని చెప్తే మనం ఏం చూసి నమ్ముతున్నాం? వెతికినందుకు డబ్బులిచ్చేటప్పుడు కనీసం అడిగే హక్కుంటుంది: ఎంత గ్యాసు బయటికొచ్చింది, నైట్రోజన్ పెట్టినప్పుడు పీడనం ఎంత, ఎంతసేపట్లో ఎంత పడింది, ఎక్కడెక్కడ చూశావు, ఒక కాగితం మీద రాసివ్వు అని. దొరక్కపోయినా ఆ కాగితం విలువైనదే. 'ఇక్కడ లేదు' అని తేలడం కూడా పనే. మనం జిరాలో 'కెనాట్ రీప్రొడ్యూస్' అని పెట్టి టికెట్ మూసేసి గంటలు ఎక్కించుకోవట్లేదూ?

ఇంకొకామె అన్నది నాకు ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వు నీ జీతంతో చెప్తున్నావ్. క్యాబ్ నడిపేవాడు వెతకడానికి పదిహేను వందలు ఎక్కడ్నుంచి తెస్తాడు? మూడున్నర గంటలు బండి ఆపితే ఆ రోజు కిస్తీ ఎవరు కడతారు?" నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ యాప్ క్యాబ్ డ్రైవర్లు గిగ్ వర్కర్స్ యూనియన్ పిలుపుతో 'నో ఏసీ' అని ఉద్యమమే చేశారు, కంపెనీలు ఇచ్చే రేటుకి ఏసీ వెయ్యడం గిట్టుబాటు కాదని. అప్పుడు మన గ్రూపుల్లో ఏం మాట్లాడుకున్నామో గుర్తుందా? 'ఏసీ వెయ్యకపోతే ఒక్క స్టారివ్వు' అని. చల్లదనం కావాలి, దాని వెనకున్న మనిషి గంటకి రేటు మాత్రం ఎవరూ చెప్పొద్దు, మనం వినొద్దు. ఆమె ప్రశ్నకి జవాబు దొరక్కపోయినా, కట్టగలిగిన మనమే కట్టకపోతే ఇక ఎవరు కడతారన్నది మాత్రం నాకు తెలుస్తోంది.

నేను అడిగేది చిన్న విషయమే. ఎస్టిమేట్‌ని రెండు ముక్కలు చెయ్యమని అడగండి. వెతకడానికి ఎంత, దొరికాక బాగు చెయ్యడానికి ఎంత. మొదటిది ముందే ఒప్పుకుని, దొరికినా దొరక్కపోయినా ఇచ్చెయ్యండి. రెండోది లీకు కళ్ళతో చూశాక మాట్లాడుకోండి. ప్రాజెక్టులో డిస్కవరీ ఫేజ్ అని క్లయింట్ దగ్గర వసూలు చేస్తాం కదా, అదే ఇది, టై కట్టుకోకుండా. మాట్లాడే ముందు ఒక్కసారి గంటకి ఎంత పడుతోందో భాగించి చూడండి. పద్దెనిమిది వందల్ని మూడున్నరతో భాగిస్తే ఐదొందల పద్నాలుగు. అందులో షాపు అద్దె, కుర్రాడి కూలి, నైట్రోజన్ సిలిండరు, పంపు, కరెంటు, బేరమాడి పోయే నాలాంటి వాళ్ళ నష్టం అన్నీ పోవాలి. నా గంటకి మా కంపెనీ క్లయింట్ దగ్గర ఎంత తీసుకుంటుందో ఇక్కడ రాస్తే నా ఉద్యోగం పోతుంది, అందుకని రాయను.

పోయిన శనివారం ఏసీ బ్లోయర్ లోంచి ఏదో టకటకా చప్పుడొస్తుంటే మళ్ళీ భాయ్ దగ్గరికి వెళ్ళా. అప్పటి ఐదొందలు జేబులో విడిగా పెట్టుకున్నా. ఇస్తే తీసుకోలేదు, "అప్పుడే మాట్లాడుకున్నం కదా సార్, అయిపోయింది" అన్నాడు. సరే, ఈ చప్పుడు ఎక్కడిదో చూడాలి, చూడ్డానికి ఎంత అనడిగా. ఆయన నన్ను వింతగా చూశాడు.

"చూడనీకి ఏముంటది సార్, ఊకెనే."

గ్లవ్ బాక్స్ ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి, నలభై నిమిషాలు వెతికి, బ్లోయర్ ఫ్యాన్లో ఇరుక్కున్న ఎండుటాకు తీసి నా చేతిలో పెట్టాడు. పార్టు లేదు, గ్యాసు లేదు, మార్చిందేమీ లేదు. మూడొందలు బలవంతంగా చేతిలో కుక్కి, బిల్లు రాయమన్నా, లేబర్ అని రాయమన్నా. కుర్రాడు పుస్తకం తెచ్చాడు. భాయ్ కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి రాసిచ్చాడు. ఇంటికొచ్చాక చూశా. 'నట్లు, వాషర్లు – 300' అని ఉంది.